గరిటె ఎవరి చేతిలో ఉంది?

కృష్ణా డెల్టాలోని ఒక ఊరి నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. ఊరి పేరు, సంఘం పేరు, మనుషుల పేర్లు అన్నీ ఉన్నాయి గానీ ఇక్కడ ఏవీ వేయడం లేదు. విషయం ఇది.

ఆమెకు నలభై దాటాయి. ఊళ్ళో బడిలో టీచరు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి గుడిలో, అంటే ఊరి చర్చిలో, సండే స్కూలు ఆమే నడుపుతున్నారు. భర్త సంఘ కమిటీలో కోశాధికారి. ఆమె సొంత అన్నయ్య నిన్నమొన్నటి దాకా అదే సంఘంలో పెద్ద. గుడి పక్కన కమ్యూనిటీ హాలు కట్టాలని చందాలు ఎత్తారు. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసే ఊరి ఆడపిల్లలు కూడా పంపారు. గోడలు లేచాయి, శ్లాబు పడలేదు. ఒక ఆదివారం ఆశీర్వాదం అయిపోగానే అన్నయ్య లేచి, "హాలు లెక్కలు ఒకసారి అందరి ముందూ చదువు బావా" అన్నాడు. భర్త, "నన్ను దొంగనంటున్నావా?" అన్నాడు. పాస్టరు అయ్యగారు, "దేవుని మందిరంలో లెక్కలేంటి?" అని కసిరారు. అంతే.

నెల తిరక్కుండా సగం కుటుంబాలు అన్నయ్య వెంట బయటికి వచ్చేశాయి. ఇప్పుడు కాలవ గట్టున రేకుల షెడ్డులో ఆరాధన జరుగుతోంది. టౌను నుంచి ఒక కుర్ర దైవజనుడు వచ్చి వాక్యం చెబుతున్నాడు. హాలుకి ఒక తాళం మీద ఇంకో తాళం పడింది. పోలీసులు వచ్చారు, సివిల్ కోర్టులో కేసు పడింది. గుడిలో అయ్యగారు ఆదివారం ఆదివారం యోహాను సువార్త 17వ అధ్యాయంలో తనవాళ్ళంతా ఒక్కటై ఉండాలని యేసు చేసిన ప్రార్థన తీసి, సంఘాన్ని చీల్చినవాడు క్రీస్తు శరీరాన్ని చీల్చినవాడే అంటున్నారు. షెడ్డులో ప్రకటన గ్రంథం 18 తీసి, చెడిపోయిన బబులోను పట్నంలోంచి బయటికి వచ్చేయమంటున్నారు.

అన్నయ్య కూతురి పెళ్ళి ఫిబ్రవరిలో. గుడి నుంచి ఆ పిల్లకు పెళ్ళికి అడిగిన లెటర్ ఇవ్వనంటున్నారు. "ఆ గడప తొక్కితే నా గడప తొక్కొద్దు" అని భర్త. "మేనత్తవి నువ్వు రాకపోతే మంగళసూత్రం ఎవరు పట్టుకొస్తారే" అని వదిన. డెబ్భై దాటిన అమ్మ అన్నయ్య ఇంట్లోనే ఉంటోంది గానీ పాత గుడికే వస్తోంది. వచ్చి, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు భోజనం) దగ్గరికి మాత్రం వెళ్ళడం లేదు. అందరూ లేస్తే ఆవిడ కూర్చునే ఉంటోంది.

"ఐక్యత కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. నేను ఎవరి వైపు ఉండాలి? అన్నయ్యను వెనక్కి ఎలా తీసుకురావాలి?" అని ఆమె ప్రశ్న.

వందనాలమ్మా.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ నేరుగా జవాబు చెప్పను. రెండో ప్రశ్నలో ఒక తీర్పు దాగి ఉంది: అన్నయ్య వెనక్కి వస్తే గొడవ తీరుతుంది అని. అది ఇంకా తేలలేదు. ముందు చిక్కుముడి విప్పుదాం. మీ ఊళ్ళో జరుగుతున్నది ఒక గొడవ కాదు, మూడు. డబ్బు లెక్కల గొడవ ఒకటి. బావాబావల మధ్య పరువు గొడవ ఇంకొకటి. మూడోది మీరు గొడవ అనుకోకుండా మాటవరసకు రాసేశారు. దాని దగ్గరికి వస్తాను.

లెక్కల సంగతి. అయిదో పేజీలో బ్రాకెట్లో ఒక మాట రాశారు: అన్నయ్య అంతకుముందు ఇంట్లో రెండుసార్లు అడిగాడని, మీవారు "తర్వాత చూద్దాంలే బావా" అన్నారని. అది బ్రాకెట్లో ఉండాల్సిన మాట కాదమ్మా. మత్తయి 18లో చెప్పిన పద్ధతి ప్రకారం ముందు ఒంటరిగా వెళ్ళి అడగాలి. అడిగాడు. తర్వాతే సంఘం ముందు అడిగాడు. పైగా ఇది ఇద్దరి మధ్య చేబదులు కాదు. కువైట్‌లో ఎవరి ఇంట్లోనో అంట్లు తోమి పంపిన డబ్బు అది. దాని లెక్క అడగడానికి ఎవరికైనా హక్కుంది, చెప్పడానికి గుడి కంటే మంచి చోటు లేదు.

అలాగని మీవారు తిన్నారని నేను అనడం లేదు. మన సంఘాల్లో కోశాధికారులు చాలామందికి డబ్బు తినడం తెలియదు, లెక్క రాయడమూ తెలియదు. ఇసుక లారీవాడికి చేతికిచ్చేస్తారు, రసీదు ఉండదు. కంకర వాడికి తన జేబులోంచి ఇచ్చి, తర్వాత చందాలోంచి తీసుకుంటారు, అదీ ఎక్కడా రాయరు. రెండేళ్ళ తర్వాత ఎవరైనా అడిగితే గుండె జల్లుమంటుంది. ఆ జల్లుమనడమే కోపంగా బయటికి వస్తుంది. మీవారిది అలాంటి కోపమేమో. కాకపోనూవచ్చు.

తెలుసుకోవాల్సింది మీరే. పిల్లలు పడుకున్నాక, అన్నయ్య పేరు ఎత్తకుండా అడగండి: "లెక్కల్లో మనం చెప్పలేనిది ఏమైనా ఉందా?" ఒక్కసారే అడగండి, జవాబు పూర్తిగా వినండి. అలాంటిదేమీ లేదని ఆయన అంటే పాస్‌బుక్కు, రసీదు బుక్కులు, ఉన్న ఓచర్లు ఒకచోట పెట్టి, ఊరికి సంబంధం లేని ఒక చార్టర్డ్ అకౌంటెంటుకు ఇవ్వమనండి. ఆ మనిషిని రెండు వైపులా ఒప్పుకోవాలి. తేడా వస్తే పరువు కొంత పోతుంది, కానీ "రసీదు లేదు" అనడం వేరు, "దొంగ" అనిపించుకోవడం వేరు. లెక్క చూపించకుండా గెలిచినవాడికి ఆ రెండో పేరే జీవితాంతం ఉంటుంది. చెప్పలేనిది ఉందని ఆయన చెబితే మాత్రం అది మీరిద్దరూ కలిసి మోయాల్సిన బరువు. అప్పుడు అయ్యగారి కంటే ముందు ఒక లాయరుని కలవండి, తిరిగి కట్టే దారి వెతకండి.

"దేవుని మందిరంలో లెక్కలేంటి" అన్న అయ్యగారికి ఒక సంగతి గుర్తు చేయవచ్చు, మర్యాదగానే. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా పోగుచేసినప్పుడు అపొస్తలుడైన పౌలు ఆ డబ్బు ఒంటరిగా మోయలేదు. సంఘాలు ఏర్పరచిన ఇంకో సహోదరుణ్ణి వెంటబెట్టుకున్నాడు. ఎవరూ తన మీద తప్పు మోపకుండా ఉండాలని, ప్రభువు దృష్టికే కాదు మనుషుల దృష్టికి కూడా సక్రమంగా ఉండాలని, రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో ఆయనే రాసుకున్నాడు. పౌలుకే ఆ జాగ్రత్త అవసరమైనప్పుడు మీ ఊరి కమిటీ నొచ్చుకోవాల్సిందేమీ లేదు.

ఇక ఆ మూడో సంగతి.

ఒకప్పుడు మీ సంఘం ఎంత ఐక్యంగా ఉండేదో చెప్పడానికి మీరు ఇలా రాశారు: "క్రిస్మస్ ప్రేమవిందుకి ఊరంతా ఒక్కటై పనిచేసేవాళ్ళం. కాలవ అవతల పేట ఆడవాళ్ళు తెల్లారుజామునే వచ్చి డేగిశాలు తోమేవాళ్ళు, ఉల్లిపాయలు తరిగేవాళ్ళు. మా పేటవాళ్ళం వడ్డించేవాళ్ళం. ఒక్క మాట అనుకున్న రోజు లేదు." ఆ తర్వాతి పేజీలో, అన్నయ్య వెంట వెళ్ళిపోయినవాళ్ళలో ఎక్కువమంది కాలవ అవతలివాళ్ళేనని, "వాళ్ళు మొదటి నుంచీ మాతో అంతగా కలిసేవాళ్ళు కాదు" అని రాశారు. కమిటీలో ఉన్నవాళ్ళ పేర్లూ ఇంటిపేర్లతో సహా రాశారు. అందులో కాలవ అవతలి ఇంటిపేరు ఒక్కటైనా ఉందా? మీరే మళ్ళీ చూసుకోండి.

మీరు కులం పేరు రాయలేదు, నేనూ రాయను. రెండు పేటలవాళ్ళూ ఊరి పెద్దకులాల కళ్ళకు ఒక్కటే. క్రైస్తవులైన ఎస్సీలకిచ్చే బి.సి.-సి సర్టిఫికెట్ తీసుకుంటే ప్రభుత్వానికీ ఒక్కటే. మనకు మనం మాత్రం ఒక్కటి కాలేకపోయాం. మిషన్ల కాలంలోనే ఒకే ఊళ్ళో, ఒకే మిషన్ కింద, రెండు పేటలకూ రెండు గుళ్ళు లేచిన సందర్భాలున్నాయి. మీ ఊళ్ళో ఒక్క గుడే కట్టారు. మంచిదే. కానీ ఒకే కప్పు కింద ఒక పేట తోముతూ, ఒక పేట వడ్డిస్తూ ఉంటే దాన్ని వడ్డించేవాళ్ళు ఐక్యత అనుకుంటారు. తోమేవాళ్ళు ఏమనుకున్నారో మీకు ఎప్పుడూ వినిపించలేదు. "ఒక్క మాట అనుకున్న రోజు లేదు" అంటే వాళ్ళు నోరు తెరిచిన రోజు లేదని కూడా అర్థం కావచ్చు.

యెరూషలేములోని మొట్టమొదటి సంఘంలోనూ తొలి గొడవల్లో ఒకటి వడ్డన దగ్గరే వచ్చింది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం. రోజువారీ వడ్డనలో మా విధవరాండ్రను పట్టించుకోవడం లేదని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. అప్పుడు అపొస్తలులు ఐక్యత మీద ప్రసంగం చేయలేదు. సణిగినవాళ్ళను చీలికదారులనీ అనలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఆ కాలంలో యూదయవాళ్ళూ కొందరు గ్రీకు పేర్లు పెట్టుకునేవారు కాబట్టి అందరూ ఫిర్యాదు చేసిన వైపువాళ్ళేనని ఖాయంగా చెప్పలేం. కానీ ఆ జాబితా చదివినవాళ్ళెవరికైనా గరిటె ఏ వైపు చేతికి వెళ్ళిందో తెలిసిపోతుంది. ఆ మాట విన్నవాళ్ళందరికీ నచ్చిందనీ, శిష్యుల సంఖ్య పెరిగిందనీ ఆ గ్రంథం రాసిన లూకా చెప్పాడు.

నేను చెప్పదలుచుకున్నదంతా ఇదే. మీ సంఘంలో గరిటె, రసీదు బుక్కు, తాళంచెవి ఈ మూడూ ఒకే పేట చేతుల్లో ఉన్నంతకాలం, రేపు అన్నయ్య వచ్చి క్షమాపణ చెప్పినా ఆ షెడ్డు ఖాళీ అవదు. ఇంకోమాట, ఇది మీ అన్నయ్యకీ వర్తిస్తుంది. ఆయన మీ పేటవాడే కదా. షెడ్డులో మైకు ఎవరి చేతిలో ఉంది? కానుక సంచి ఎవరు లెక్కపెడుతున్నారు? అక్కడా ఆయనా, టౌను దైవజనుడూ మాత్రమే అయితే, కాలవ అవతలివాళ్ళు ఒక యజమానిని వదిలి ఇంకొకరి దగ్గర చేరినట్టే.

యోహాను 17 గురించి. ఆ ప్రార్థన నిజమైనది, గొప్పది. కాకపోతే దాన్ని బయటికి వెళ్ళినవాడి మీదికి విసరడం ఎప్పుడూ తాళాలు తమ దగ్గరున్నవాళ్ళు చేసే పని. బబులోను మాట తాళాలు లేనివాళ్ళది. నిజానికి మన తెలుగు క్రైస్తవులం మొదటి నుంచీ ఒక్క సంఘం కాదు. గుంటూరులో 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర దిగాడు కాబట్టి అటువైపు లూథరన్లు. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. బందరులో 1841 నుంచి ఆంగ్లికన్ మిషన్. మెదక్ వెస్లియన్ మెథడిస్టులది. మిషన్లు తమలో తాము జిల్లాలు పంచుకున్నాయి. మన సిద్ధాంతం చాలావరకు మన ముత్తాత ఏ తాలూకాలో పుట్టాడన్నదాన్ని బట్టి నిర్ణయమైంది. అందుకే వేరే చోట ఆరాధించడమే పాపమంటే, ఆ మాట అనేవాళ్ళెవరూ మిగలరు.

కలవడం చేతకాదని కాదు. దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అనేది, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు అందులో కలిశాయి. మాటలు మొదలైంది 1919లో, తమిళనాడులోని తరంగంబాడిలో. అంటే ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. దానికోసం అంత పాటుపడిన దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు 1945 జనవరి 1న కన్నుమూశారు, ఆ రోజు చూడలేదు. వాళ్ళను అన్నేళ్ళు ఆపినది దేవుడెవరన్న ప్రశ్న కాదు. ఎవరి అభిషేకం చెల్లుతుంది, ఎవరి చేతి నుంచి ప్రభు భోజనం తీసుకోవచ్చు అన్న ప్రశ్న. చివరికి ఎలా తెగిందంటే, ఒక మాట రాతపూర్వకంగా ఇచ్చుకున్నారు: ఏ సంఘానికైనా మనస్సాక్షి ఒప్పని ఆరాధన పద్ధతిని గానీ, బోధకుణ్ణి గానీ దాని మీద రుద్దకూడదు. పూర్తిగా కలిసిపోవడానికి ముప్ఫై ఏళ్ళ గడువు కూడా పెట్టుకున్నారు. అప్పటికీ నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది చేరలేదు, 1970లలో గానీ కలవలేదు. వాళ్ళను ఎవరూ మెడబట్టి లాక్కురాలేదు.

మీ ఊరికి ఇది ఎందుకు చెబుతున్నానంటే, వచ్చే క్రిస్మస్‌కల్లా అందరూ ఒకే గుళ్ళో ఉండాలన్న ఆశ మీ చేత తొందరపాటు పనులు చేయిస్తుంది. అన్నయ్య చేత ఏడుస్తూ ఒక క్షమాపణ, మీవారి చేత ఒక కౌగిలి, అయ్యగారి ప్రార్థన, ఒక ఫొటో. మార్చికల్లా మళ్ళీ షెడ్డు.

మీరు ఎవరి వైపు ఉండాలన్నదానికి నాకు కనిపిస్తున్న దారులు ఇవి. ఏదీ సుఖంగా ఉండదు.

మీవారితో పాత గుడిలోనే ఉండి ఊరుకోవచ్చు. ఇంట్లో గొడవ తగ్గుతుంది. అయితే సండే స్కూల్లో కాలవ అవతలి పిల్లలు ఎలాగూ రావడం లేదు, మీ మౌనాన్ని వాళ్ళ తల్లులు ఒప్పుకోలు కిందే లెక్కవేస్తారు. అన్నయ్యతో షెడ్డుకి వెళ్ళిపోవచ్చు. అప్పుడు ఊరంతా ఒక్కటే అంటుంది: "కట్టుకున్న ఆవిడే వచ్చేసిందంటే లెక్కల్లో ఏదో ఉంది." మీ ఉద్దేశం అది కాకపోయినా మీ నడకే ఆయన మీద సాక్ష్యమైపోతుంది. లెక్క తేలకముందు ఆ దారి వద్దనే నా అభిప్రాయం. ఆటో ఎక్కి టౌనులో ఏదో పెద్ద చర్చికి వెళ్ళవచ్చు. చాలామంది అదే చేస్తున్నారు. ఊపిరి ఆడుతుంది, పాటలు బావుంటాయి, ఎవరూ ఏమీ అడగరు. అమ్మ ఒక్కతే ఆ బెంచీ మీద మిగిలిపోతుంది. ఆరు నెలలు పోతే మీకూ వెనక్కి రావాలనిపించదు.

నాలుగోది కష్టమైనది. సభ్యత్వం పాత గుడిలోనే ఉంచుకుని, గొడవలో మాత్రం సభ్యత్వం లేదని ఇద్దరికీ చెప్పడం. ఒకరికి చెప్పింది ఇంకొకరికి తెలియకుండా కాదు. ఇద్దరికీ అవే మాటలు, వీలైతే అదే రోజు. "లెక్కలు తేలాలి అని నేనూ అంటున్నాను. నా భర్తను దొంగ అంటే ఒప్పుకోను. నా అన్నను సాతాను అన్నా ఒప్పుకోను." ఆ తర్వాత అటు మాట ఇటు, ఇటు మాట అటు మోయడం మానేయాలి. ఉత్తరం చూస్తే ఇప్పటికి మీరు చాలా మోశారు. "బావ ఇలా అన్నాడా?" అని అడిగితే, "ఆయన్నే అడుగు" అనండి. మొదట్లో ఇద్దరికీ మీ మీద అనుమానం వస్తుంది. కమిటీ సండే స్కూలు మీ చేతిలోంచి తీసేయవచ్చు కూడా. దానికి సిద్ధపడాలి.

ఈ దారిలోకి వెళితే చేయదగిన పని ఒకటుంది. శనివారం సాయంత్రాలు మీ ఇంటి వరండాలో రెండు వైపుల పిల్లలకూ కథలు, పాటలు మొదలుపెట్టండి. మీవారికీ, అయ్యగారికీ చెప్పే చేయండి, చాటుగా వద్దు. పాటల పుస్తకం గురించి వెతుక్కోనక్కర్లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు లూథరను ఇంట్లోనూ, బాప్టిస్టు ఇంట్లోనూ, మీ ఇంట్లోనూ అవే. అయితే ఒక షరతు. పిల్లలకు పెట్టే చిరుతిండి ఒక వారం మీరు చేస్తే, తర్వాతి వారం కాలవ అవతలి ఒక తల్లి చేసి, ఆవిడే వడ్డించాలి. మీ పేట పిల్లలు తినాలి. ఎవరైనా తమ పిల్లను ఆ వారం పంపకపోతే, మీ సంఘం నిజంగా ఎక్కడ చీలిందో మీకు ఆ రోజు తెలుస్తుంది. యూఓదియ, సుంటుకే అనే ఇద్దరు ఆడవాళ్ళ గొడవ తీర్చమని పౌలు ఫిలిప్పీ సంఘంలో ఒక తోటి పనివాణ్ణి బతిమాలుకున్నాడు. వాళ్ళలో తప్పెవరిదో రాయలేదు. ఇద్దరూ సువార్త పనిలో తనతో ప్రయాసపడ్డారని మాత్రం రాశాడు. పని కలిపినంతగా పంచాయితీ కలపదు.

కోర్టు కేసు మీ చేతిలో లేదు గానీ మీవారికీ, అన్నయ్యకీ ఒక మాట. ముందు ఆ స్థలం ఎవరి పేరున ఉందో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూడండి. మిషన్ కాలం నాటి స్థలాలు చాలావరకు ఊరి సంఘం పేరున ఉండవు, పైనున్న ట్రస్టు పేరున ఉంటాయి. అలా అయితే మీరిద్దరూ కొట్టుకుంటున్నది మీ ఇద్దరిదీ కాని ఆస్తి కోసం. రాజీకి ఇష్టపడితే నడుస్తున్న కేసును కూడా లోక్ అదాలత్‌కు పంపమని అడగవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. రాజీ కాగితంలో ఎవరు గెలిచారన్నది కాకుండా, ఏటా లెక్కలు ఏ నెలలో చదవాలి, కమిటీలో కాలవ అవతలివాళ్ళు ఎందరుండాలి, రెండు పేటలూ హాలు ఎలా వాడుకోవాలి అన్నవి రాయించండి. ఒకవేళ రెండు సంఘాలుగానే మిగిలిపోవాలని తేలితే, అదీ కాగితం మీదే తేలనివ్వండి. పౌలు, అతని తోటి పనివాడు బర్నబా తమ సహాయకుడు మార్కు విషయంలో తీవ్రంగా పోట్లాడుకుని విడిపోయారు. ఏళ్ళు గడిచాక అదే మార్కును వెంటబెట్టుకు రమ్మని, అతడు తనకు ఉపయోగపడతాడని పౌలు తిమోతికి రాశాడు. విడిగా ఉండటం వేరు, ఒకరి శవం ఇంకొకరు మోయకపోవడం వేరు. సమాధుల తోట ఎవరిదన్న గొడవ ఇంకా మొదలవ్వలేదని రాశారు. దాన్ని మొదలవనివ్వకండి. రాజీలో మొదటి వాక్యం అదే కావాలి.

అమ్మ సంగతి. బల్ల దగ్గరికి వెళ్ళమని ఆవిణ్ణి బలవంతపెట్టొద్దు, అయ్యగారి చేత చెప్పించనూ వద్దు. కానుక బలిపీఠం దగ్గర వదిలి ముందు సహోదరునితో సమాధానపడమన్న మాట ఆవిడకు తెలుసు. గుడిలో అందరికంటే ఆవిడే దాన్ని సీరియస్‌గా తీసుకున్నట్టుంది. అయితే ఎందుకు వెళ్ళడం లేదో మీరు ఊహించుకుని రాశారు, అడిగినట్టు రాయలేదు. అడగండి. బహుశా కారణం మీవారికీ అన్నయ్యకీ మధ్య గొడవ కూడా కాకపోవచ్చు.

ఇక పెళ్ళి. గుడి లెటర్ ఇవ్వకపోతే పెళ్ళి ఆగిపోతుందని అన్నయ్య కంగారు పడుతున్నారు. ఆగదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం బిషప్పుల వ్యవస్థ ఉన్న సంఘాల గురువులు తమ ఆచారం ప్రకారం చేయవచ్చు. ప్రభుత్వం నుంచి లైసెన్సు తీసుకున్న పాస్టరు ఎవరైనా చేయవచ్చు, మ్యారేజ్ రిజిస్ట్రారూ చేయవచ్చు. మీరు నిజంగా చూడాల్సింది వేరే ఉంది. షెడ్డుకి వచ్చే ఆ కుర్ర దైవజనుడికి ఆ లైసెన్సు ఉందా? లేకుండా పెళ్ళి చేయడం నేరం, రేపు సర్టిఫికెట్ దగ్గర పిల్ల ఇబ్బంది పడుతుంది. ఆవేశంలో "మా షెడ్డులోనే, మా అయ్యగారే" అని పట్టుబడితే నష్టపోయేది మీ మేనకోడలు. గుడి లెటర్ కూడా వదిలేయక్కర్లేదు. పిల్ల పేరు మీదే, రాతపూర్వకంగా, ఒక కాపీ ఉంచుకుని అడగండి. పెద్దల గొడవకు పిల్లకు బాప్తిస్మమిచ్చిన గుడి లెటర్ ఆపడం ఏ నియమం కిందో వాళ్ళు కూడా రాతపూర్వకంగానే చెప్పనీయండి. చాలాసార్లు అక్కడే మెత్తబడతారు.

మీరు వెళ్ళాలా అంటే, వెళ్ళాలనే నేనంటాను. మేనత్త పెళ్ళికి వెళ్ళడం షెడ్డులో చేరడం కాదు. మీవారికి ముందే చెప్పి వెళ్ళండి. "నేను నీ మీద అలిగి వెళ్ళడం లేదు, ఆ పిల్ల కోసం వెళ్తున్నాను, నువ్వూ రావాలని ఉంది" అనండి. రాకపోతే కొన్నాళ్ళు ఇంట్లో మాటలుండవు, అది భరించాల్సి వస్తుంది. గడప తొక్కొద్దన్న మాట కోపంలో అన్నదా, నిజంగా అన్నదా అన్నది మీకే తెలుసు. నిజంగా అన్నదైతే, చేయి చేసుకునే మనిషైతే, ముందు మీ క్షేమం చూసుకోండి. అప్పుడు నా సలహా మారుతుంది, మళ్ళీ రాయండి. లేదంటే, అన్నయ్యకు చెప్పి శుభలేఖ మీవారికి మీ చేత కాకుండా ఆయన చేతే ఇప్పించండి. ఇంటికొచ్చి, బొట్టూ కాయా లేకపోయినా, చేతికి ఇచ్చి "బావా, నువ్వు రావాలి" అనాలి, లెక్కల మాట ఎత్తకుండా. ఆయన తీసుకోకపోతే టీపాయి మీద పెట్టి వెళ్ళిపోవచ్చు.

ఫిబ్రవరి ఎంతో దూరం లేదు. ఆ లైసెన్సు సంగతి ఈ వారమే కనుక్కోండి.